తిథి చెప్పి వచ్చే అతిథి

మన సాహిత్యంలో మొట్టమొదటి టూరిస్టు ఎవరయ్యా అంటే నేను ప్రవరుడి పేరే చెబుతాను. నవ్వకండి. మనుచరిత్ర ఒక్కసారి గుర్తు చేసుకోండి. అగ్నిహోత్రం విడిచి ఊరు కదలలేని గృహస్థు ఆయన. కదలలేడు గనకనే వచ్చిన ప్రతి బాటసారినీ కూచోబెట్టి, మీరు ఏయే దేశాలు తిరిగారు, ఏమేం చూశారు అని అడిగి ముచ్చట తీర్చుకునేవాడు. ఒక సిద్ధుడు కరుణించి కాళ్ళకు పసరు పూశాడు. రెప్పపాటులో హిమాలయం! కొండలూ సెలయేళ్ళూ చూసి, ఎండెక్కేసరికి, సరే మిగిలింది రేపు వచ్చి చూద్దాం అనుకుని ఇంటికి బయల్దేరబోయాడు మహానుభావుడు. పొద్దున వెళ్ళి భోజనం వేళకు వచ్చేసే ప్రయాణం. ఇవాళ బస్టాండు దగ్గర బోర్డు కట్టి పిలిచే ఒక రోజు టూరు అన్నమాట.

మంచుకు పసరు కరిగిపోయింది. కథంతా అక్కణ్ణించే మొదలు.

వరూధిని అందం గురించీ, ప్రవరుడి నిగ్రహం గురించీ పండితులు చాలా చెప్పారు. నా చూపు మటుకు ఎప్పుడూ ఆ పసరు మీదే. కాళ్ళకు పసరున్నంతసేపూ ఆ కొండమీద ఎవరున్నారో ఆయనకు పట్టలేదు. పసరు కరిగాక దారి అడగడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. మన కార్లూ, విమానాలూ, ఫోనులో దారి చూపించే పటాలూ ఇవన్నీ ఆ పసరు జాతివే. ఎవరితోనూ మాట్లాడకుండా ఒక ఊరు చూసి వచ్చెయ్యవచ్చు.

ఈమధ్య 'నెమ్మది పర్యాటకం' అనే మాట ఒకటి బాగా వినిపిస్తోంది. కొండ ఊరికి వెళితే హోటల్లో దిగకుండా అక్కడివాళ్ళ ఇంట్లోనే దిగడం, నాలుగు రోజులు ఉండడం, కాలినడకన తిరగడం, వాళ్ళు తిన్నదే తినడం, ఇచ్చే నాలుగు డబ్బులూ ఆ ఇంటికే ఇవ్వడం, కొండా అడవీ నీరూ చెడిపోకుండా చూసుకోవడం. పసరు మనంతట మనమే కడిగేసుకుని వెళ్ళడమన్నమాట. వినడానికి ఎంతో బావుంది. నాకు ఇష్టం కూడాను.

అయితే మనుచరిత్రలో ఇంకొకావిడ ఉంది. ప్రవరుడి ఇల్లాలు. వెయ్యిమంది వచ్చినా వండడానికి అలిసిపోదనీ, అర్ధరాత్రి వచ్చినా అడిగినవన్నీ పెడుతుందనీ పెద్దనగారు ఆవిణ్ణి సాక్షాత్తూ అన్నపూర్ణకు జోడీగా చెప్పారు. బి.ఏ.లో ఆ పద్యం పాఠం చెబుతూ మా లెక్చరరుగారు పరవశించిపోయారు. వెనక బెంచీలో కూచున్న నాకు ఒకటే సందేహం. అలిసిపోదని ఈయనకెవరు చెప్పారు? ఆవిణ్ణి అడిగాడా?

అప్పుడు లేచి అడిగితే క్లాసులోంచి పంపించేసేవారేమో. అంచేత ఇన్నేళ్ళూ దాచుకుని ఇప్పుడు మీ దగ్గర అడుగుతున్నాను.

ఆ సందేహం నాకు ఊరికే రాలేదు. మా అమ్మమ్మగారి ఊరు అన్నవరం కొండకు దగ్గర. సత్యనారాయణస్వామి వ్రతానికి వచ్చే చుట్టాలందరికీ ఆ ఇల్లే మజిలీ. కార్తీకమాసం వచ్చిందంటే వీధరుగు మీద చెప్పుల జతలు లెక్కపెట్టడం మా పిల్లలకు ఆట. వచ్చినవాళ్ళు రత్నగిరి మెట్లెక్కి, వ్రతం చేసుకుని, ప్రసాదం తిని, సాయంకాలం పెరట్లో మంచాలు వాల్చుకుని, "అబ్బ, మీ ఊళ్ళో ఎంత ప్రశాంతంగా ఉందండీ పిన్నిగారూ! ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోంది" అనేవాళ్ళు. పిన్నిగారు తెల్లవారుజామున మూడింటికి లేచి రుబ్బురోలు ముందు కూచున్న మనిషి. ఆ ప్రశాంతత అంతా ఆవిడ చేతి తయారీ. వంటింట్లోంచి ఒక నవ్వు నవ్వి ఊరుకునేది. "ఈసారికి వీలుకాదు, రాకండి" అన్న మాట ఆవిడ నోట నేను ఒక్కనాడూ వినలేదు. ఆవిడ మంచితనం అందుకు ఒక కారణం. ఆ మాట అనగలిగే అధికారం ఆ ఇంట్లో ఆవిడకు లేకపోవడం రెండోది. ఈ రెండోదాన్ని కూడా మొదటిదానిలో కలిపేసి మనం 'ఆతిథ్యం' అని ఒక ముద్దుపేరు పెట్టుకున్నాం.

అతిథి అంటే తిథి లేనివాడని అర్థం చెబుతారు. ఫలానా నాడు వస్తున్నానని చెప్పకుండా వచ్చేవాడు. ఒక్క రాత్రి ఉండేవాడే అతిథి అని మనుస్మృతి. అతిథిని దేవుడిగా చూసుకోమని తైత్తిరీయోపనిషత్తు. ఆ మాట చెప్పింది ఎవరికో గమనించండి. చదువు ముగించుకుని ఇంటికి వెళ్ళి సంసారం పెట్టుకోబోయే శిష్యుడికి గురువు చెబుతాడు. అంటే పెట్టేవాడికి చెప్పిన మాట. తినేవాడికి చెప్పిన మాట అంత గట్టిగా మన నోళ్ళలో నానుతున్నది ఒక్కటీ కనబడదు. పైగా దేవుడని పేరు పెట్టాక ఇంకేం చెబుతాం? దేవుళ్ళకు నియమాలేమిటి!

ఇవాళ్టి అతిథి తిథి చెప్పి మరీ వస్తాడు. నెల ముందే గది ఖాయం చేసుకుని డబ్బు కట్టి వస్తాడు. మరి డబ్బు కట్టినవాడు అతిథేనా? ఆ డబ్బుతో ఆ ఇంట్లో అతను ఏమేం కొన్నట్టు? మంచం, దుప్పటి, అన్నం, కూర సరే. వాళ్ళ చిరునవ్వు కూడా కొన్నాడా? వాళ్ళ పాత ఇల్లు పాతగానే ఉండాలనే హక్కు కొన్నాడా? వాళ్ళ ఆదివారం కొన్నాడా?

ఆదివారం ఎందుకు గుర్తొచ్చిందో చెబుతాను.

రెండేళ్ళ కిందట నవంబరులో మా వదినా నేనూ నాగాలాండ్ వెళ్ళాం. మా అన్నయ్యకు మోకాళ్ళ నెప్పులు, మావారికి సెలవు లేదు. అంచేత ఇద్దరమే. కోహిమాకు 20 కిలోమీటర్ల దూరంలో ఖొనోమా అని అంగామీ నాగాల ఊరుంది. కొండ వీపు మీద ఇళ్ళు, కింద లోయనిండా మెట్లు మెట్లుగా వరిమళ్ళు. మేం వెళ్ళేసరికి కోతల రోజులు. పండిన చేలు ఆ ఎత్తునుంచి చూస్తే ఎవరో పసుపు చీరలు మడతలు పెట్టి ఆరేసినట్టున్నాయి.

ఈ ఊరికి పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళతో పెద్ద చరిత్రే ఉంది. 1879 అక్టోబరులో బ్రిటిషు పొలిటికల్ ఆఫీసరు డమంట్ సిపాయిలను వెంటబెట్టుకుని వస్తే ఊరి ద్వారం దగ్గరే చంపేశారు. తరవాత బ్రిటిషు సేనలు వచ్చి ఊరిని ముట్టడించాయి. 1880 మార్చిలో గాని రాజీ కుదరలేదు. ఇదంతా చదువుకుని వెళ్ళాను గనక ఆ గుమ్మంలో కాలు వినయంగానే పెట్టాను.

వదిన పాపం ఇవేవీ చదవలేదు. ఆవిడ ఫోటోలు చూసి వచ్చింది. ఫోటోల్లో చెక్క ఇళ్ళూ, గోడలకు గేదె కొమ్ములూ, ఎర్ర శాలువాలూ ఉన్నాయి. ఊళ్ళో రేకుల కప్పులూ, సిమెంటు గోడలూ, ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులూ ఉన్నాయి. "ఇదేమిటే అమ్మాయ్! మన గాజువాకలో లేవూ రేకుల ఇళ్ళు? ఇంతదూరం రావాలా?" అంది. మా అమ్మమ్మగారి పెంకుటిల్లు పడగొట్టి మేడ కట్టినప్పుడు సంతోషించి గృహప్రవేశానికి పట్టుచీర కొనుక్కున్న మనిషే ఈవిడ. మన ఇల్లు మేడ కావాలి, వాళ్ళ ఇల్లు గడ్డికప్పుగానే ఉండాలి. గడ్డికప్పు కింద వానాకాలం కాపురం చేసేది వాళ్ళు. చూసి సంతోషించి రాత్రి రైలుకు వెళ్ళిపోయేది మనం.

ఖొనోమా ప్రత్యేకత ఇళ్ళలో లేదు. ఆ ఊరివాళ్ళు తరతరాలుగా వేటగాళ్ళు. వేట వాళ్ళకు కూరా, సరదా, మగతనానికి గుర్తూ అన్నీను. ఆ అడవుల్లో బ్లైత్ ట్రాగోపాన్ అని ఒక పక్షి ఉంది. నెమలికి దూరపు చుట్టం. నిప్పు రంగు మెడ. ఇప్పుడు అదే నాగాలాండ్ రాష్ట్ర పక్షి. 1993లో ఒక్క వేట రోజుల్లోనే ఇలాంటివి 300 దాకా చంపారని చెబుతారు. చూసి ఊళ్ళో కొందరికే గుండె గుభేలుమంది. ఇలా అయితే మన మనవలకు ఈ పక్షి పేరు తప్ప పక్షి మిగలదు అని మొదలుపెట్టారు. ఇంకొందరు, తాతలనాటినుంచి వస్తున్న వేటను మానమనడానికి మీరెవరన్నారు. ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. చివరికి 1998లో ఊరి సభే కూచుని 20 చదరపు కిలోమీటర్ల అడవిని అభయారణ్యంగా ప్రకటించింది. వేట నిషేధం. తప్పితే జరిమానా. పైనుంచి ఎవరూ హుకుం జారీ చెయ్యలేదు. చూడడానికి బయటివాళ్ళు వస్తే దారి చూపించడానికి ఊరి మనిషే వెంట రావాలనీ, ప్రవేశ రుసుము కట్టాలనీ ఏర్పాట్లు అన్నీ దీని తరవాత వచ్చినవే.

నాకు ఇక్కడే ఒక తమాషా కనిపించింది. 'సంప్రదాయ గ్రామం' చూడాలని మనమంతా అక్కడికి వెళుతున్నాం. వాళ్ళ సంప్రదాయం వేట. దాన్ని వాళ్ళు మానుకున్నారు గనక అడవి మిగిలింది, అడవి మిగిలింది గనక మనం వెళ్ళాం. అంటే మనల్ని అక్కడికి రప్పించింది వాళ్ళు నిలబెట్టుకున్న ఆచారం కంటే వాళ్ళు వదిలేసిన ఆచారం. అలాగని అన్నీ వదిలెయ్యలేదు. పోడు చేలల్లో ఆల్డర్ చెట్లను ఇప్పటికీ వేళ్ళతో పెకలించరు. మనిషెత్తు దగ్గర నరికి, మోడు పైన రాయి పెట్టి, మళ్ళీ చిగుర్లు వెయ్యనిస్తారు. మన పెసరా మినుమూ చేసినట్టే ఆ చెట్టు వేళ్ళు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. రాలిన ఆకు ఎరువు. ఏది ఉంచుకోవాలో ఏది మానుకోవాలో వాళ్ళే తేల్చుకున్నారు. ఆ తేల్చుకోవడంలో నా ఫోటో సరదాకు పాలు లేదు, ఉండకూడదు కూడాను.

ఇక ఆదివారం సంగతి. మేం దిగిన ఇంటావిడకు అరవై ఏళ్ళుంటాయి. ఆవిడ కోడలికి ఇంగ్లీషు వచ్చు. అత్తగారి మాటలు ఆ పిల్లే మాకు చెప్పేది. శనివారం రాత్రి పొయ్యి చుట్టూ కూచుని అన్నాలు తిన్నాం. అన్నం, ఉడికించిన ఆకుకూర, రాజా మిర్చీ పచ్చడి. మన గుంటూరు మిరపకాయ దాని ముందు పాలుతాగే పసిపిల్ల. వదిన తనతో తెచ్చుకున్న గోంగూర సీసా ఇంకా బయటికి తియ్యలేదు. మర్యాదగా ఉండదని దాచింది. భోజనం అయ్యాక కోడలు అంది: "రేపు ఆదివారం. మేమంతా చర్చికి వెళతాం. మధ్యాహ్నం దాకా ఇంట్లో ఎవరూ ఉండరు. అన్నం మూతపెట్టి ఉంచుతాను. టీ మీరే పెట్టుకోండి. పొడి ఈ డబ్బాలో ఉంది."

క్షమించండి అనలేదు. ఏమనుకోకండి అనలేదు. రేపు సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు అన్నట్టే చెప్పింది.

పక్కమీదికి చేరాక వదిన గుసగుసలాడింది. "ఇదేం మర్యాదే? డబ్బిచ్చి వచ్చాం కదా! ఒకరైనా ఇంట్లో ఉండొద్దూ? మన ఇంటికి ఎవరైనా వస్తే వాళ్ళను వదిలేసి గుడికి పోతామా?"

"పోము వదినా. అమ్మమ్మ మెట్లెక్కి స్వామిని చూసింది ఎన్నిసార్లో నీకు గుర్తుందా?" అన్నాను.

వదిన మాట్లాడలేదు. కొత్త కోడలిగా ఆ ఇంట్లో కార్తీకమాసాలు వదిన కూడా గడిపింది. కొండ కింద ఇల్లు. ఊళ్ళవాళ్ళందరి వ్రతాలకూ వంటలు చేసిన అమ్మమ్మ కొండెక్కిన సందర్భాలు నాకు తెలిసి రెండో మూడో. చుట్టాలు ఇంట్లో ఉండగా ఎలా వెళుతుంది?

మర్నాడు ఊరంతా నిశ్శబ్దం. పైనుంచి చర్చి పాట సన్నగా వినిపిస్తోంది. వదిన టీ పెట్టింది. పరాయివాళ్ళ వంటింట్లో చేతులు కట్టుకు కూచోవడం ఆవిడ ఒంటికి పడదు. రెండు గ్లాసులూ కడిగి బోర్లించింది. పొయ్యి ముందు చిమ్మింది. కట్టెలు వరసగా పేర్చింది. మధ్యాహ్నం ఇంటావిడ వచ్చి చూసి పకపకా నవ్వి కోడలితో ఏదో అంది. "మా అత్తయ్య అంటున్నారు, ఈవిడ నా చెల్లెలిలా ఉంది, పనిలేకపోతే తోచదు అని" అంది కోడలు. అంతే. వదిన సూట్‌కేసు తెరిచి గోంగూర సీసా తీసింది. ఇంటావిడ రాజా మిర్చీ తెచ్చింది. ఇద్దరూ ఒకరిదొకరు రుచి చూసి, ఒకరికొకరు భాష తెలియకుండా, ఉప్పు గురించి పావుగంట మాట్లాడుకున్నారు. మూడు రోజులనుంచీ మాకు వడ్డిస్తున్న మనిషి ఆ పూట మా పక్కన కూచుంది.

కోడలు తరవాత మాటల సందర్భంలో ఒక ముక్క చెప్పింది. ఒక యాత్రికుడు ఆ పిల్ల పొలంలో కోత కోస్తుంటే వచ్చి, పండగ శాలువా కప్పుకుని కొడవలి పట్టుకో, ఫోటో తీసుకుంటానన్నాడట. "మీ ఊళ్ళో పట్టుచీర కట్టుకుని పేడకళ్ళు ఎత్తుతారా?" అన్నట్టే అడిగింది మమ్మల్ని. మేం ఎత్తమని ఒప్పుకున్నాం.

ఇదంతా విని మా వదిన కొడుకు, ఇంజనీరు, వాదానికి దిగాడు. "అత్తా, నీ నెమ్మది పర్యాటకం డబ్బూ తీరికా ఉన్నవాళ్ళ వేషం. రెండు రోజుల సెలవు దొరికే గుమాస్తా ఏం చెయ్యాలి? చూడకూడదా? భూటాన్ చూడు. 2022లో మనిషికి రాత్రికి 200 డాలర్ల రుసుం పెట్టారు. మరుసటి ఏడు సగానికి తగ్గించుకున్నారు. మనవాళ్ళకయితే 1200 రూపాయలు. కొండను కాపాడుతున్నామని చెప్పి బీదవాళ్ళను గుమ్మంలోనే ఆపెయ్యడం కాదూ ఇది?"

వాడి మాటలో న్యాయం ఉంది. అవును, ఉన్న రోజుల లెక్కనుబట్టి మంచి అతిథి, చెడ్డ అతిథి అని తీర్మానించడానికి వీల్లేదు. గంటసేపు కూచుని కాఫీ తాగి, గ్లాసు తనే లోపల పెట్టి వెళ్ళే చుట్టమూ ఉన్నాడు, నెల్లాళ్ళుండి ప్రాణం తోడేసే చుట్టమూ ఉన్నాడు. మీ చుట్టాల్లోనే వెతకండి, ఇద్దరూ దొరుకుతారు. నెమ్మది అనేది గుణం కాదు, వేగం అనేది పాపం కాదు.

అయినా వేగం కొండ ఊళ్ళకు ఏం చేస్తుందో చూడాలంటే జపాన్‌లో షిరకావా లోయ సంగతి చదవాలి. అక్కడ ఒగిమాచి అనే ఊళ్ళో ఇళ్ళ కప్పులు నిటారుగా, నమస్కారానికి జోడించిన అరచేతుల్లా ఉంటాయి. మంచు జారిపోవడానికి. పేరు కూడా ఆ అర్థంతోనే పెట్టుకున్నారు. గడ్డి మళ్ళీ నేయడం ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు. ఊరంతా వచ్చి చెయ్యి వేస్తుంది. ఇవాళ నీ కప్పు, రేపు నా కప్పు. మన పల్లెల్లో బదులు పని అన్నట్టే. 1971లో ఆ ఊరివాళ్ళు తమకు తాము మూడు నియమాలు పెట్టుకున్నారు. ఇళ్ళు అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం. ప్రపంచ వారసత్వ సంపద అని యునెస్కో గుర్తించింది 1995లో. అంటే అప్పటికి పాతికేళ్ళనుంచీ వాళ్ళ ఊరికి వాళ్ళే కాపలా. 2008లో పెద్ద రోడ్డు పూర్తయింది. దానితో పొద్దున్నే బస్సుల్లో వచ్చి, నాలుగు ఫోటోలు తీసుకుని మధ్యాహ్నానికి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువయ్యారు. ప్రవరుడి పసరే! మంచులో దీపాలు వెలిగించే రాత్రులకు జనం విరగబడితే, ముందుగా పేరు రాయించుకున్నవాళ్ళే రావాలని 2019 నుంచి నియమం పెట్టారు.

అలాంటి నియమం ముందుగా పెట్టుకోలేని ఊళ్ళు చివరికి గోడ కట్టుకుంటాయి. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అని కొండకూ సరస్సుకూ మధ్య ఇరుక్కున్న ఊరు. జనాభా 800 లోపు. రద్దీ రోజుల్లో పదివేల మంది దాకా వస్తారు. 2023లో, అందరూ నిలబడి ఫోటోలు తీసుకునే చోట, కొండలు కనపడకుండా చెక్కలు అడ్డం పెట్టారు. గోల పెట్టేసరికి తీసేశారు. నాకు ఆ చెక్కలమీద కోపం రాలేదు. మా అమ్మమ్మకు ఒక్క చెక్క దొరికినా బావుండేదనిపించింది.

మేనల్లుడికి నేను చెప్పిన జవాబు ఇదీ. ఎన్ని రోజులున్నావని నేను అడగను. ఆ ఇంటివాళ్ళు నీకు 'ఇవాళ కాదు' అని చెప్పగలిగారా? చెబితే వాళ్ళకు నష్టం లేకుండా ఉందా? ఇది అడుగుతాను.

ఈ ప్రశ్న వెయ్యడం తేలిక, జవాబు కష్టం. ఎందుకంటే ఖొనోమాలో ఆ ముసలావిడ అంత నింపాదిగా చర్చికి వెళ్ళగలగడానికి కారణం ఆవిడ గాదెలో ధాన్యం ఉంది. కింద లోయలో మళ్ళున్నాయి. పెరట్లో కూరుంది. మేమిచ్చిన డబ్బు కోడలి ఫోనుకో, మనవడి ఫీజుకో. మేం వెళ్ళకపోయినా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అదే, మళ్ళన్నీ అమ్ముకుని, ఇల్లంతా గదులుగా కట్టి, అప్పు తెచ్చిన ఇల్లయితే? ఆదివారమూ ఉండదు, చర్చీ ఉండదు. యాత్రికుడు శాలువా కప్పుకోమంటే కప్పుకోవలసిందే. 2020లో కరోనా వచ్చి దారులన్నీ మూసేసినప్పుడు ఇది బాగా తెలిసింది. పొలం ఉన్న కొండ ఊళ్ళు గంజి తాగాయి, గదులు మాత్రమే ఉన్న ఊళ్ళు దారివైపు చూస్తూ కూచున్నాయి. యాత్రికుడు కొండ ఊరికి పండగనాటి పిండివంటలా ఉండాలి. రోజూ తినే అన్నం అతనే అయితే ఆ ఊరికి ఎదురు మాట్లాడే ఓపిక పోతుంది.

అందుకే పెద్ద పెద్ద పథకాలు చదివినప్పుడు నేను ఎన్ని గదులు, ఎన్ని మంచాలు అన్నది వదిలేసి, వంతుల ప్రస్తావన ఉందా అని చూస్తాను. లడఖ్‌లో మంచుచిరుతలు తిరిగే లోయల్లో కొన్ని ఊళ్ళవాళ్ళు వచ్చినవాళ్ళను ఇంటికొక వంతు చొప్పున పంచుకుంటారు. ఈసారి ఆ ఇల్లు, తరవాత ఈ ఇల్లు. రోడ్డు పక్క మేడ ఉన్నవాడికే అందరూ పోకుండా, ఏ ఇల్లాలికీ నెలంతా పరాయివాళ్ళకు వండే గతి పట్టకుండా. ప్రవరుడి ఊళ్ళో కూడా ఇలాంటి వంతులుంటే ఆ ఇల్లాలికి ఒక పూట నడుం వాల్చే వీలుండేది. అప్పుడు పెద్దనగారికి ఒక పద్యం తగ్గేది, అంతే కదా.

మన దగ్గరా ఇది మొదలైంది. చింతపల్లి దగ్గర లంబసింగికి చలికాలంలో జనం ఎలా ఎగబడుతున్నారో మీకు తెలుసు. దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న గిరిజన గ్రామం. కొర్రబయలు అని పాత పేరు. బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోతారని. ఇప్పుడు బయట పడుకోవడానికి చోటే లేదు. తెల్లవారకముందే కార్లు బారులు తీరుతాయి. మంచు చూసి, చలిమంట ముందు ఫోటో తీసుకుని, తొమ్మిదింటికల్లా దిగిపోతారు. పొగమంచు ఎంతో, పొగ ఎంతో తెలియదు.

ఖొనోమా వెళ్ళొచ్చాక మా వదినకు పట్టుదల వచ్చింది. ఆ చుట్టుపక్కల ఏదైనా చిన్న ఊళ్ళో, ఎవరింట్లోనైనా నాలుగు రోజులుందామని వాకబు చేసి, ఒక నంబరు సంపాదించి, సంక్రాంతి సెలవులకు గది కావాలని ఫోను చేసింది. అవతల ఒక ఆడగొంతు.

"పండగ రోజుల్లో వద్దండమ్మా. మా ఆడపిల్లలొస్తారు. ఇల్లు సరిపోదు."

"రెండింతలు ఇస్తామమ్మా!"

"డబ్బుకేముందమ్మా. పిల్లలొస్తారు కదా."

వదిన ఫోను పెట్టేసి నావైపు తిరిగి, "చూశావుటే, రావద్దంటోంది!" అంది. మొహంలో కోపమూ ఉంది, అదో రకం మురిపెమూ ఉంది.

"మరి ఎప్పుడు రమ్మంటుందో అడక్కపోయావా?"

వదిన మళ్ళీ ఫోను చేసింది. కాఫీ పళ్ళు కోయడం అయిపోయాక, రథసప్తమి దాటాక రమ్మందిట. ఇద్దరికంటే ఎక్కువమంది వద్దందిట. అక్కడికి గోంగూర సీసా పట్టుకెళ్ళాలా, మాగాయ పట్టుకెళ్ళాలా అని మా వదిన ఇప్పుడు ఆలోచిస్తోంది.